పాక్-12 చెదిరిపోయాక మన అభిమానం ఎటు?

బోథెల్ కూగర్:

సభ్యులందరికీ నమస్కారం. నేను పుల్‌మన్‌లోని వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో ఎమ్మెస్ చేసి, ఉద్యోగరీత్యా సియాటెల్ శివార్లలో స్థిరపడినవాణ్ణి. మా అబ్బాయికి ఈ ఏడాది యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో సీటు వచ్చింది. చదువు విషయంలో నాకు సంతోషమే. ఇబ్బందంతా అమెరికన్ ఫుట్‌బాల్‌తో వచ్చి పడింది. మా రెండు యూనివర్సిటీలూ పాక్-12 అనే పశ్చిమ ప్రాంతపు కాన్ఫరెన్సులో, అంటే తమలో తాము ఆడుకుని టైటిల్ కోసం పోటీపడే పన్నెండు యూనివర్సిటీల కూటమిలో, ఉండేవి. 2023 ఆగస్టు 4న యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్, ఒరెగాన్ కలిసి బిగ్ టెన్ అనే మరో కాన్ఫరెన్సులోకి వెళ్తున్నట్టు ప్రకటించాయి. అదే రోజు అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా బిగ్ 12లో చేరుతున్నట్టు తేలిపోయింది. సెప్టెంబరు 1న స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ కూడా అట్లాంటిక్ తీరపు ఏసీసీ గూటికి చేరేసరికి, ముందే వెళ్లిన మూడూ పోను పన్నెండింటిలో మిగిలినవి మేమూ ఒరెగాన్ స్టేటూ మాత్రమే.

మమ్మల్ని ఎవరూ పిలవకపోవడానికి ఆటలో వెనకబడి ఉండటం కారణం కాదు. ఆ గందరగోళం జరిగిన నెల రోజుల తర్వాతే పుల్‌మన్‌లో మా జట్టు బిగ్ టెన్ జట్టయిన విస్కాన్సిన్‌ను 31-22తో ఓడించింది. మాది చిన్న ఊరు, టీవీ లెక్కల్లో పెద్ద మార్కెట్ కాదు, అంతే.

వాషింగ్టన్‌తో మా జట్టు ఏటా ఆడే ఆపిల్ కప్ మ్యాచ్ వారంలో, ఇన్నేళ్లుగా వారి ఊదా రంగు చొక్కాను ఇంట్లోకి రానివ్వని నేను ఇప్పుడు ఆ రంగుకే ఫీజు కట్టబోతున్నాను. అందుకే పెద్దలను అడుగుతున్నాను: కాన్ఫరెన్సు పోయాక యూనివర్సిటీ మీద అభిమానం మునుపటిలా నిలుస్తుందా? లేక మనం ఇన్నాళ్లూ అభిమానించింది ఇరుగుపొరుగు పోటీనేనా?

టెంపే డెవిల్:

బోథెల్ కూగర్ గారూ, మీ బాధ అర్థమవుతోంది గానీ, మీ ప్రశ్నలోని రెండో భాగాన్ని నేను ఒప్పుకోలేను. నేను చదివింది అరిజోనా స్టేట్‌లో. పాక్-12 అనే పేరు మీద నాకు ప్రత్యేకమైన మమకారం ఎప్పుడూ లేదు. మా రెండు అరిజోనా జట్లు 1978లో చేరాకే అది పాక్-10 అయింది, 2011లో కొలరాడో, యూటా వచ్చాకే పాక్-12 అయింది. పేరులోని అంకె మారినప్పుడల్లా ఎవరూ ఏడవలేదు కదా.

2024లో మేము బిగ్ 12లో అడుగుపెట్టినప్పుడు, సీజన్‌కు ముందు విలేఖరులు వేసిన అంచనాల్లో పదహారు జట్లలో మాకు పదహారో స్థానం ఇచ్చారు. ఆ ఏడాది డిసెంబరు 7న ఆర్లింగ్టన్‌లో ఐయొవా స్టేట్‌ను 45-19తో ఓడించి ఆ కాన్ఫరెన్సు టైటిల్ గెలిచాము. కొత్త సంవత్సరం రోజున అట్లాంటాలో, పీచ్ బౌల్ అనే నాకౌట్ మ్యాచ్‌లో, టెక్సస్ మీద మా ఆటగాడు స్కాటిబో ఒకవైపు కడుపులో తిప్పి సైడ్‌లైన్ దగ్గర వాంతి చేసుకుంటూనే మరోవైపు పరుగెత్తి టచ్‌డౌన్లు చేసి, నలభై గజాలకు పైగా బంతి విసిరి ఇంకొకటి చేయించిన ఆట చూసినవారెవరూ మేము ఏ కాన్ఫరెన్సు తరఫున వచ్చామని అడగలేదు. ఓవర్‌టైమ్‌లో టెక్సస్‌కు నాలుగో డౌన్, అంటే ఆఖరి ప్రయత్నం, పదమూడు గజాలు కావాలి. అక్కడ ఆపగలిగి ఉంటే మ్యాచ్ మాదే. ఆపలేకపోయాము, రెండో ఓవర్‌టైమ్‌లో 39-31తో ఓడిపోయాము. ఆ రాత్రి నాకు నిద్ర పట్టకపోవడానికి కారణం మా యూనివర్సిటీ పిచ్‌ఫోర్క్ గుర్తే తప్ప చొక్కా మీది కాన్ఫరెన్సు బొమ్మ కాదు.

కోర్వాలిస్ బీవర్:

టెంపే డెవిల్ గారు చెప్పింది వారి అనుభవం మేరకు నిజమే. అయితే వారు ఒక సంగతి చెప్పకుండా దాటేశారు. వారు వలస వెళ్లినప్పుడు వారి ప్రధాన ప్రత్యర్థి కూడా పక్క సీట్లోనే కూర్చుని వెళ్లింది. 1899లో మొదలైన అరిజోనా పోరు ఈనాటికీ కాన్ఫరెన్సు మ్యాచ్‌గానే, నవంబరు చివరనే జరుగుతోంది. మాకు అలా కాదు. మా ఒరెగాన్ స్టేట్ ఉన్న కోర్వాలిస్ నుంచి, మా ప్రత్యర్థి ఒరెగాన్ ఉన్న యూజీన్ గంట లోపు ప్రయాణం. 1894లో మొదలైన మా పోరు 2024, 2025లలో సెప్టెంబరులో, ఎవరి టైటిల్‌తోనూ సంబంధం లేని మ్యాచ్‌గా మిగిలింది. 2024లో మా మైదానంలోనే 49-14తో ఓడాము. ఓటమి కొత్త కాదు. ఆ ఓటమి వల్ల పాయింట్ల పట్టికలో ఏమీ మారకపోవడం మాత్రం కొత్త.

మరో మాట కూడా చెప్పాలి. ఇదంతా 2023లోనే మొదటిసారి జరిగినట్టు చాలామంది మాట్లాడుతున్నారు. పాక్-12కు పూర్వరూపంగా 1915లో పోర్ట్‌లాండ్‌లో పుట్టిన పసిఫిక్ కోస్ట్ కాన్ఫరెన్సు, ఆటగాళ్లకు చాటుమాటుగా డబ్బు ఇచ్చిన కుంభకోణాల తర్వాత 1959లో రద్దయింది. అప్పుడు కాలిఫోర్నియా జట్లు, వాషింగ్టన్ కలిసి కొత్త సంఘం పెట్టుకుని ఒరెగాన్, ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్, ఐడహోలను బయట వదిలేశాయి. వాషింగ్టన్ స్టేట్‌ను 1962లో, ఒరెగాన్ జట్లు రెంటినీ 1964లో మళ్లీ చేర్చుకున్నారు. ఐడహోను మాత్రం ఎన్నటికీ పిలవలేదు. అంటే ఆనాడు మాతోపాటు గుమ్మం బయట నిలబడ్డ ఒరెగాన్, ఈసారి లోపలి నుంచి తలుపు వేసుకుంది. యూజీన్‌లో చదివినవారు ఈ వేదికలో ఉంటే ఏమంటారో వినాలని ఉంది.

ప్లానో వాసి:

నాకు సొంత జట్టు లేదు. నేను చదివిన యూటీ డాలస్‌కు ఫుట్‌బాల్ జట్టే లేదన్న సంగతి ఇక్కడ చాలామందికి తెలుసు. మా క్యాంపస్‌లో తెలుగువారు ఎంతమంది ఉన్నా, శనివారం చూడటానికి పక్క ఊరి జట్టును అరువు తెచ్చుకోవలసిందే. అందువల్ల కొంచెం ఎడంగా ఉండి చూసే వీలు నాకు ఉందనుకుంటాను.

ఈ వలసల మూలం 1984లో ఉంది. అంతవరకూ ఏ మ్యాచ్ టీవీలో రావాలో, ఏ జట్టు ఎన్నిసార్లు కనపడాలో కాలేజీ ఆటలను నియంత్రించే ఎన్‌సీఏఏ నిర్ణయించేది. ఓక్లహోమా, జార్జియా యూనివర్సిటీలు దావా వేసి, సుప్రీంకోర్టు దాకా పోరాడి ఆ గుత్తాధిపత్యాన్ని కొట్టేయించాయి. అప్పటి నుంచి ఎవరి హక్కులు వారే, అంటే కాన్ఫరెన్సుల వారీగా, అమ్ముకోవడం మొదలైంది. 2021 జూలైలో టెక్సస్, ఓక్లహోమా ఆగ్నేయ రాష్ట్రాల కాన్ఫరెన్సు ఎస్‌ఈసీకి వెళ్తున్నట్టు ప్రకటించడం, 2022 జూన్ 30న పాక్-12లోని లాస్ ఏంజెలెస్ జట్లు యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ బిగ్ టెన్‌ను ఎంచుకోవడం, అదే ఆగస్టులో బిగ్ టెన్ ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీలతో ఏడేళ్లకు 700 కోట్ల డాలర్లకు పైగా విలువైన ఒప్పందం చేసుకోవడం అన్నీ ఆ తీర్పుకు కొనసాగింపే.

పాక్-12 పెద్దలు మాత్రం మార్కెట్‌ను తప్పుగా చదివారు. 2012లో సొంతంగా పెట్టుకున్న టీవీ నెట్‌వర్క్ డైరెక్‌టీవీ అనే శాటిలైట్ సర్వీసులో చివరిదాకా రాలేదు. చాలామందికి అందులో వచ్చే మ్యాచ్‌లే కనపడని పరిస్థితి. ఆ తర్వాత ఈఎస్‌పీఎన్ ఒక్కో యూనివర్సిటీకి ఏడాదికి 3 కోట్ల డాలర్ల చొప్పున ఇవ్వజూపితే, వీరు 5 కోట్లు అడిగారని పత్రికల్లో వచ్చింది. ఆ బేరం చెడింది. ఈలోగా 2022 అక్టోబరులో బిగ్ 12 వెనకనుంచి వచ్చి, ఆరేళ్లకు 228 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకుని తన బల్ల మీద అన్నం వడ్డించుకుంది. చివరికి పాక్-12 చేతిలో మిగిలింది ఆపిల్ సంస్థ ఇచ్చిన ప్రతిపాదన ఒక్కటే, అందులో రాబడి ఎంతమంది చందా కడతారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. 2023 ఆగస్టు 4 ఉదయం సంతకాలు పెట్టవలసిన సమావేశానికి ముందే వాషింగ్టన్, ఒరెగాన్ తప్పుకున్నాయి. అవి కూడా బిగ్ టెన్‌లో పూర్తి వాటాతో చేరలేదు, సుమారు సగం వాటాకే ఒప్పుకున్నాయి. అంటే చందాదారుల మీద జూదం ఆడే కన్నా పెద్దింట్లో సగం వాటా మేలనుకున్నారు. వ్యాపారంగా చూస్తే వారిని తప్పు పట్టడం కష్టం.

ఇక అభిమానం సంగతి. టెక్సస్ ఏ అండ్ ఎం ఎస్‌ఈసీకి వెళ్లిపోవడంతో, అదీ టెక్సస్ 2011 తర్వాత విడిపోయి పన్నెండేళ్లకు పైగా ఆడుకోలేదు. 2024 నవంబరు 30న కాలేజ్ స్టేషన్‌లో మళ్లీ కలిసినప్పుడు ఆ స్టేడియం శబ్దం చూస్తే, పగ ఏమాత్రం చల్లారలేదని తెలిసింది. కాబట్టి బోథెల్ కూగర్ గారు అప్పుడే ఆశ వదులుకోనక్కర్లేదు.

ఇర్వైన్ అమ్మ:

ఇక్కడ అందరూ ఫుట్‌బాల్ గురించే మాట్లాడుతున్నారు. మా అమ్మాయి పశ్చిమ తీరంలోని ఒక యూనివర్సిటీ టెన్నిస్ జట్టులో ఆడుతోంది. ఏ యూనివర్సిటీయో చెప్పను. ఫుట్‌బాల్ జట్టు వారానికి ఒక్కసారి, అదీ ప్రత్యేక విమానంలో వెళ్లి వస్తుంది. టెన్నిస్, వాలీబాల్, సాఫ్ట్‌బాల్ పిల్లలు ఒక్కో ప్రయాణంలో రెండు మూడు ఊళ్లు తిరిగి, మామూలు విమానాల్లో, కనెక్షన్ల కోసం ఎదురుచూస్తూ వస్తారు. బిగ్ టెన్ ఇప్పుడు సియాటెల్ నుంచి న్యూజెర్సీ దాకా పద్దెనిమిది యూనివర్సిటీలతో పరచుకుని ఉంది. మూడు గంటల కాల వ్యత్యాసంతో ఇంటికి చేరి, తెల్లవారితే ఆర్గానిక్ కెమిస్ట్రీ ల్యాబ్‌కు వెళ్లవలసిన పిల్లను ఎవరు లెక్కలోకి తీసుకున్నారు? విమానాశ్రయం గేటు దగ్గర నేల మీద కూర్చుని, ఫోన్ హాట్‌స్పాట్‌తో ల్యాబ్ రిపోర్టు పంపిస్తున్న ఫొటో ఒకటి పంపింది. ఆ బూట్ల పక్కన రాకెట్ సంచి, దాని మీద సగం తిన్న బేగెల్.

వెళ్లిపోయినందుకు పరిహారం కట్టవలసి వచ్చిన సందర్భం ఒక్కటే నాకు తెలుసు. యూసీఎల్‌ఏ, బర్క్‌లీ రెండూ ఒకే వ్యవస్థ కింద ఉన్నందువల్ల, యూసీఎల్‌ఏ ఏడాదికి కోటి డాలర్లు బర్క్‌లీకి ఇవ్వాలని 2024 మే నెలలో ఆ వ్యవస్థ పాలకమండలి సభ్యులైన రీజెంట్లు నిర్ణయించారు. అది కూడా యూనివర్సిటీ నుంచి యూనివర్సిటీకే. నిద్ర పోగొట్టుకున్న పిల్లలకు కాదు. నా మటుకు నేను అడిగేది చిన్నది. ఫుట్‌బాల్‌ను ఎక్కడికి కావాలంటే అక్కడికి తీసుకుపొండి, మిగతా ఆటలను పాత పొరుగువారితోనే ఆడించండి.

శాన్ హోసే స్పార్టన్:

ఇర్వైన్ అమ్మగారి మాటకు నా పూర్తి మద్దతు. అయితే ఇక్కడ కన్నీళ్లు పెట్టుకుంటున్న ఇద్దరు పెద్దమనుషులకూ ఒక విన్నపం. నేను శాన్ హోసే స్టేట్‌లో చదివాను. మన తెలుగువాళ్లు వేలల్లో చదివిన చోటు, కానీ ఫుట్‌బాల్ అభిమానులుగా మమ్మల్ని ఎవరూ లెక్కపెట్టరు. 1996లో మేము డబ్ల్యూఏసీలో చేరినప్పుడు అది పదహారు జట్ల కాన్ఫరెన్సు. రెండేళ్లు తిరక్కుండానే ఎనిమిది యూనివర్సిటీలు మాట్లాడుకుని బయటకు పోయి, 1999లో మౌంటెన్ వెస్ట్ అనే కొత్త కాన్ఫరెన్సు పెట్టుకున్నాయి. మేము మిగిలిపోయాము. 2013లో ఎట్టకేలకు మమ్మల్నీ మౌంటెన్ వెస్ట్‌లోకి రానిచ్చారు.

ఇప్పుడేమైంది? 2023 చివర్లో మిగిలిన రెండు పాక్-12 జట్లకు ఆడటానికి ప్రత్యర్థులు లేకపోతే, 2024 సీజన్‌కు మ్యాచ్‌లు ఇచ్చి ఆదుకున్నది మౌంటెన్ వెస్టే. ఆ సీజన్ సగం కూడా కాకముందే, 2024 సెప్టెంబరు 12న, అదే ఇద్దరు మౌంటెన్ వెస్ట్ నుంచి బాయిసీ స్టేట్, కొలరాడో స్టేట్, ఫ్రెస్నో స్టేట్, శాన్ డియేగో స్టేట్‌లను ఎగరేసుకుపోయారు. ఆ నెలలోనే యూటా స్టేట్‌నూ తీసుకున్నారు. ఇలా సభ్యులను లాక్కుంటే జరిమానా కట్టాలని తాము సంతకం పెట్టిన ఒప్పందంలోనే ఉంటే, ఆ జరిమానా చెల్లదని కోర్టుకెక్కారు. కొలరాడో స్టేట్‌కూ, మౌంటెన్ వెస్ట్‌లోనే మిగిలిన వయోమింగ్‌కూ మధ్య తరాల నాటి పోరు ఉంది. ఫ్రెస్నోతో మాకు అంతకన్నా తక్కువేమీ లేదు. ఏరు దాటాక తెప్ప తగలేసినవారు, తమ తెప్పను ఎవరో తగలేశారని బాధపడుతుంటే వినడానికి కొంచెం కష్టంగా ఉంది.

నిర్వాహకులు:

చర్చ వాడిగా సాగుతున్నా హద్దు మీరనందుకు అందరికీ ధన్యవాదాలు. యూనివర్సిటీల ర్యాంకింగులు, వీసా సంగతులు రాసిన రెండు వ్యాఖ్యలను వేరే శీర్షికకు తరలించాము.

బోథెల్ కూగర్:

స్పార్టన్ గారూ, మీ అభియోగానికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు, పాక్షిక సమాధానం ఉంది. మాకు మిగిలిన దారులు రెండే: మేమే మౌంటెన్ వెస్ట్‌లోకి వెళ్లడం, లేదా పాక్-12 పేరును బతికించడం. పేరును బతికించాలంటే ఫుట్‌బాల్ ఆడే ఎనిమిది జట్లు తప్పనిసరి. ఆ ఎనిమిదో జట్టుగా టెక్సస్ స్టేట్ 2025 జూన్ ఆఖరున గానీ కుదరలేదు. పైగా ఆ పేరు కోసం మేము అప్పటికే కోర్టులో పోరాడి ఉన్నాము. సియాటెల్ నుంచి పుల్‌మన్ వెళ్లేవారికి కోల్‌ఫాక్స్ తెలుసు. వాంటేజ్ వంతెన దాటి, 26వ నంబరు రోడ్డు మీద గోధుమ పొలాల మధ్య గంటల తరబడి నడిపాక, వేగం తగ్గించకపోతే పోలీసులు టికెట్ చేతిలో పెట్టే ఊరు. ఆ ఊరి కౌంటీ కోర్టులోనే 2023 నవంబరులో, వెళ్లిపోతున్న పదిమందికి కాన్ఫరెన్సు మీద ఓటు హక్కు లేదన్న ఉత్తర్వు వచ్చింది. రాష్ట్ర సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోలేదు. అంత కష్టపడి దక్కించుకున్న దాన్ని ఖాళీ పెట్టెగా వదిలేయమంటారా? అయినా వయోమింగ్ అభిమాని ఒకరు నా ఎదుట కూర్చుని ఇదే ప్రశ్న అడిగితే నేను తల దించుకుంటానన్నది కూడా నిజమే.

టెంపే డెవిల్ గారికి ఒక మాట. 2024లో, సెప్టెంబరు మ్యాచ్ అయినా సరే, సియాటెల్‌లోని లూమెన్ ఫీల్డ్‌లో ఆపిల్ కప్ చివరి నిమిషాల్లో వాషింగ్టన్ జట్టును గోల్ లైన్‌కు గజం దూరంలో నాలుగో డౌన్‌లో నిలువరించి 24-19తో గెలిచినప్పుడు, నా పక్కన ముక్కూ మొహం తెలియని ముసలాయన నన్ను వాటేసుకుని ఏడ్చాడు. మరుసటి ఏడాది సొంత గడ్డ మీదే 59-24తో చిత్తుగా ఓడాము. రెండుసార్లూ కాన్ఫరెన్సు పట్టికలో మారినది శూన్యం. కాబట్టి మీరన్నది కొంత ఒప్పుకుంటున్నాను. అభిమానం ఉంది. దానికి నిలబడే చోటే లేకుండా పోయింది.

విజయవాడ కూగర్:

పుల్‌మన్‌లో చదివి, తిరిగి వచ్చేసి ఇక్కడ స్థిరపడ్డాను. పాక్-12 రాత్రి మ్యాచ్‌లు పసిఫిక్ సమయం ఏడున్నరకు మొదలైతే మనకు ఆదివారం ఉదయం ఎనిమిది. తూర్పు తీరంవాళ్లు నిద్రపోయే వేళ అని అమెరికాలో ఎగతాళి చేసిన ఆ సమయమే నాకు వరం. ఇడ్లీ ప్లేటు ముందు పెట్టుకుని మూడున్నర గంటలు చూసేవాణ్ణి. ప్రతి శనివారం ఈఎస్‌పీఎన్ ‘గేమ్‌డే’ కార్యక్రమంలో, ఏ ఊరి నుంచి ప్రసారమైనా సరే, వెనక గుంపులో మా ఎర్రజెండా ఊగుతుంది. 2003 నుంచి ఒక్క వారమూ తప్పలేదు. ఆ ఊళ్లో ఉన్న పూర్వ విద్యార్థి ఎవరో ఒకరు తెల్లవారుజామునే లేచి, పార్సిల్‌లో వచ్చిన జెండాను కర్రకు కట్టి పట్టుకుంటారు. ఏ కాన్ఫరెన్సూ మమ్మల్ని పిలవని ఏడాది కూడా ఆ జెండా ఎగిరింది.

మన హైదరాబాద్ అభిమానులకు ఇది కొత్తేమీ కాదని నాకనిపిస్తుంది. 2009లో ఐపీఎల్ గెలిచిన డెక్కన్ చార్జర్స్ 2012లో రద్దయింది, మరుసటి సీజన్‌కు సన్‌రైజర్స్ వచ్చింది. జెర్సీ మారింది, యజమాని మారాడు, ఉప్పల్‌లో కూర్చునే జనం మాత్రం వారే.

టెంపే డెవిల్:

విజయవాడ కూగర్ గారూ, ఆ పోలిక ఇక్కడ పొసగదు. ఫ్రాంచైజీ ఊరిని చూసి వస్తుంది, ఊరు దాన్ని ఆదరిస్తుంది. యూనివర్సిటీలో మనం రెండేళ్లు అద్దె ఇంట్లో నలుగురితో కలిసి వండుకు తిని, అసిస్టెంట్‌షిప్ కోసం ప్రొఫెసర్ల గదుల చుట్టూ తిరిగాము. సన్‌రైజర్స్ నచ్చకపోతే చెన్నైకి మద్దతివ్వవచ్చు. నా డిగ్రీ పట్టా మీద మాత్రం ఇంకో పేరు రాయించుకోలేను.

కోర్వాలిస్ బీవర్:

పట్టా మనకు శాశ్వతం, ఆటగాళ్లకు కాదు. అందరం కాన్ఫరెన్సుల గురించి మాట్లాడుతున్నాం గానీ, అభిమానాన్ని అసలు కోసేస్తున్నది ఆటగాళ్లు యూనివర్సిటీ మారడానికి వాడే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ అని నా అభిప్రాయం. వాషింగ్టన్ స్టేట్ క్వార్టర్‌బ్యాక్, అంటే దాడిని నడిపే ఆటగాడు, కామ్ వార్డ్ మయామీకి వెళ్లి, 2025లో ప్రొఫెషనల్ లీగైన ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి ఆటగాడిగా ఎంపికయ్యాడు. అతని స్థానంలో వచ్చిన మటీర్ ఒక్క సీజన్ ఆడి ఓక్లహోమాకు వెళ్లాడు. మా జోనథన్ స్మిత్ అయితే మరీ. 2000 సీజన్‌లో మాకు క్వార్టర్‌బ్యాక్‌గా ఆడి, ఫియెస్టా బౌల్‌లో నోటర్ డామ్‌ను 41-9తో ఓడించిన జట్టును నడిపినవాడు, కోచ్‌గా తిరిగి వచ్చి జట్టును నిలబెట్టినవాడు. కాన్ఫరెన్సు కూలిన ఆ సీజన్ ముగియగానే మిషిగన్ స్టేట్‌కు వెళ్లిపోయాడు, మా యువ క్వార్టర్‌బ్యాక్ కూడా ఆయన వెంటే వెళ్లాడు. ఇంటి మనిషే ఉండలేకపోయాడంటే బయటివాణ్ణి ఉండమని ఏ మొహంతో అడుగుతాము?

2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన, హౌస్ కేసు అనే దావాలో కుదిరిన ఒప్పందం ప్రకారం ఒక్కో యూనివర్సిటీ తన ఆటగాళ్లకు మొదటి ఏడాది సుమారు 2.05 కోట్ల డాలర్ల దాకా నేరుగా పంచవచ్చు. ఆటగాళ్లకు డబ్బు రావడం న్యాయమే, దాన్ని నేను కాదనను. కానీ ఆ మొత్తం టీవీ రాబడి ఉన్నవారికి చిల్లర, మాకు బడ్జెట్. సీబీఎస్, సీడబ్ల్యూ, యూఎస్‌ఏ నెట్‌వర్క్‌లతో కొత్త పాక్-12 చేసుకున్న ఒప్పందాలు ఆ తేడాను పూడ్చగలవని నేను నమ్మడం లేదు.

ప్లానో వాసి:

బీవర్ గారితో ఇక్కడ ఏకీభవిస్తాను. నిజానికి నా అరువు అభిమానం కూడా ఇప్పుడు ఎస్‌ఎమ్‌యూ మీదికి మళ్లింది. డాలస్‌లోనే ఉన్న ఆ యూనివర్సిటీ తొమ్మిదేళ్లు ఏసీసీ టీవీ వాటా వద్దని రాసిచ్చి మరీ చేరింది. లోటు పూడ్చడానికి డబ్బున్న పూర్వ విద్యార్థులు నిలబడ్డారు. మొదటి ఏడాదే కాన్ఫరెన్సులో ఒక్క లీగ్ మ్యాచ్ ఓడకుండా ఫైనల్‌కు వెళ్లి, క్లెమ్సన్ చేతిలో 34-31తో ఆఖరి క్షణంలో ఓడింది. ఇంత త్యాగం పుల్‌మన్, కోర్వాలిస్‌లు చేయగలవా అంటే, వాటికి చమురు కోటీశ్వరులు లేరు.

ఇర్వైన్ అమ్మ:

బోథెల్ కూగర్ గారూ, మీ అబ్బాయి ఊదా రంగు చొక్కా వేసుకున్నాడని ఇంట్లో మౌనవ్రతం పట్టకండి. మా ఇంట్లో నేను ఒక జట్టు, ఆయన ఒక జట్టు, అమ్మాయి మరొక జట్టు. మ్యాచ్ ఉన్న రోజు వంట ఎవరిదన్న దాని మీదే గొడవ.

బోథెల్ కూగర్:

మౌనవ్రతం ఏమీ లేదు అమ్మగారూ, బేరం కుదిరింది. ఏడాదిలో ఒక్క రోజు మినహా వాడి జట్టుకు నేను అడ్డు చెప్పను. ఆ ఒక్క రోజున వాడు విద్యార్థుల గ్యాలరీలో, నేను సందర్శకుల వైపు. ఆపిల్ కప్ ఆడటానికి రెండు యూనివర్సిటీల మధ్య ఒప్పందం 2028 వరకే ఉంది. వాడి డిగ్రీ పూర్తయ్యేలోగా అది పొడిగించకపోతే ఏం చేయాలో తెలిసినవారు, ముఖ్యంగా టెక్సస్ వైపు పన్నెండేళ్లు ఎదురుచూసినవారు, ఇక్కడ రాయగలరు.

శాన్ హోసే స్పార్టన్:

టెక్సస్‌లో మళ్లీ కలిపింది అభిమానుల కోరిక కాదండీ, టెక్సస్ కూడా ఎస్‌ఈసీలోకి రావడం. మీకు ఆ దారి లేదు కాబట్టి మీ శాసనసభ్యులకు ఉత్తరాలు రాయడం ఇప్పుడే మొదలుపెట్టండి. రెండూ రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీలే. ఫ్రెస్నో విషయంలో మేము చేస్తున్నదీ అదే. ఉత్తరం నమూనా కావాలంటే వ్యక్తిగత సందేశం పంపండి.